నిమ్మలో ఆకు తొలుచు పురుగు: జీవిత చక్రం, గృహోద్యానాలలో యాజమాన్యం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల పెరటి తోటలలోను, మేడలపై కుండీలలోను నిమ్మ మొక్క సాధారణం. దాని లేత ఆకులపై పాము పాకినట్లు మెలికలు తిరిగిన వెండి చారలు, ఆకు ముడతలు కనిపిస్తే వాటికి కారణం ఆకు తొలుచు పురుగు (ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా). గ్రాసిల్లారియిడే కుటుంబానికి చెందిన ఈ చిన్న రెక్కల పురుగును 1856లో స్టెయింటన్ కలకత్తా నమూనాల ఆధారంగా వర్ణించాడు. 1993లో ఇది అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది.

జీవిత చక్రం: తల్లి పురుగు లేత ఆకులపై విడివిడిగా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి వెలువడిన లార్వా నేరుగా బాహ్యత్వచం కిందికి చొచ్చుకుపోయి, కణరసాన్ని పీలుస్తూ సొరంగం చేస్తుంది. సొరంగం నడుమ సన్నని నల్లని గీతలా కనిపించేది దాని మలం. మొదటి మూడు దశలలోనే లార్వా ఆహారం తీసుకుంటుంది. నాలుగవ దశలో తినడం మాని, ఆకు అంచును పట్టుదారాలతో మడిచి అందులో కోశస్థ దశకు చేరుతుంది. ఉష్ణోగ్రతను బట్టి జీవిత చక్రం సుమారు రెండు వారాల నుండి ఏడు వారాలలో పూర్తవుతుంది.

నష్టం: ముదిరిన ఆకును ఈ పురుగు ఆశించదు. కాపుకొచ్చిన చెట్లు దీనిని చాలావరకు తట్టుకుంటాయి. లేత మొక్కల ఎదుగుదల మాత్రం కుంటుపడుతుంది. అంతకు మించిన ప్రమాదం గజ్జి తెగులు. వర్షాకాలంలో సొరంగాల గాయాల ద్వారా దీని బాక్టీరియా ఆకులోకి సులభంగా ప్రవేశిస్తుంది.

యాజమాన్యం: పురుగు మనుగడ అంతా లేత చిగురుపైనే ఆధారపడి ఉంది. తోటలలో చిగుర్లు విడతలుగా వస్తాయి. పెరటిలో తరచు కత్తిరించడం, అధిక నత్రజని, ఎడతెగని తడుల వలన చిగురు ఎప్పుడూ ఉండి, పురుగు తరాలు కొనసాగుతాయి. కనుక:

• కత్తిరింపులను పొడి వాతావరణంలో ఒకేసారి ముగించాలి. నీరు కొమ్మలను మొదట్లోనే తీసివేయాలి.
• నత్రజనిని మితంగా వాడాలి.
• సొరంగాలున్న ఆకులన్నింటినీ తుంచరాదు. మిగిలిన పచ్చని భాగం మొక్కకు ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది. తుంచితే మళ్లీ చిగురు వస్తుంది. గజ్జి సోకిన కొమ్మలను మాత్రం తొలగించాలి.
• లేత మొక్కలపై చిగురు పొడచూపగానే 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయాలి.

సొరంగంలోని లార్వాకు ఆకు పైపొరే కవచం. అందువలన స్పర్శ మందులు దానిని సరిగా చేరవు. పైగా దానిని అదుపు చేసే పరాన్నజీవి కందిరీగలను చంపుతాయి. ఇంటివారు తినే కాయలున్న మొక్కపై అటువంటి మందును సిఫారసు చేయడానికి ముందు, చిగురు ఏ దశలో ఉన్నదో విస్తరణ శాస్త్రవేత్త స్వయంగా పరిశీలించడం అవసరం.