పాల లారీకి విడిభాగాలు తెప్పించునప్పుడు



ఒక్కపూట లారీ రాకపోతే సంఘంలో పోసిన పాలు విరిగిపోతాయి. అందుచేత విడిభాగాల ఆర్డరు మొదటిసారే సరిగా ఉండాలి. లారీ పేరు మాత్రం వ్రాస్తే చాలదు. ఒకే మోడలులో సంవత్సరాన్నిబట్టి భాగాలు మారుతుంటాయి. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 నిబంధన వచ్చాక ఇంజను భాగాలు చాలా మారినవి.

ఆర్డరులో ఇవి తప్పక వ్రాయండి:

1. ఆర్.సి.లోని చాసిస్, ఇంజను నంబర్లు. తయారైన నెల, సంవత్సరం.
2. కేటలాగులోని పార్టు నంబరు.
3. క్లచ్ ప్లేటుకైతే వ్యాసం, నడిమి పళ్ళ లెక్క.
4. బ్రేక్ డ్రమ్ములను లేతు పట్టించి ఉంటే ఇప్పటి కొలత. వాటికి ఓవర్‌సైజు లైనర్లు కావాలి.

కొత్తది బిగించేవరకు పాత భాగాన్ని పారవేయరాదు. సరుకు అందగానే నంబరు సరిచూచి, తరువాతనే బిల్లుపై సంతకం చేయాలి. సరిపడని భాగానికి పెట్టిన ఖర్చు చివరకు పాలు పోసిన రైతుపైనే పడుతుంది.