అప్పగించుటయు నొక విద్యయే

సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరివంటి పట్టణమున పంటి ఆసుపత్రి పెట్టిన వైద్యుడు తానే చీటీ వ్రాసి, తానే ఉపకరణములు కడిగి, తానే గార తీసి, తానే డబ్బు లెక్కపెట్టుకొనుచు, దీనినే శ్రద్ధయని భావించుట కద్దు. నా మతమున నది శ్రద్ధ కాదు. ఇతరులకు నేర్పుటకు గల బద్ధకము.

దంతవైద్యము క్షణములతో ముడిపడిన పని. అచ్చు తీయుటకై కలిపిన ఆల్జినేటు రెండు మూడు నిమిషములలో గట్టిపడును. గుంతలో నింపుటకై కలిపిన గ్లాసు అయనోమరు సిమెంటు మెరుపు తగ్గకమునుపే పంటిలోనికి చేరవలెను. రూట్ కెనాల్ చేయుచు, వేరులోని సన్నని నాళమును మిల్లీమీటరు లెక్కన కొలుచుచుండగా ఫోను మ్రోగినంతనే లేచిపోయిన వైద్యునికి, తిరిగి వచ్చి కూర్చున్నను, చూపు కుదిరినంత వేగముగా మనసు కుదురదు. లాలాజలము పీల్చు గొట్టము పట్టుకొని, అడుగకమునుపే కావలసిన ఉపకరణము నందించు సహాయకురాలు పక్కన నున్నచో, అతని కన్ను రోగి నోటినుండి మరలవలసిన యవసరమే కలుగదు.

1906లో అమెరికాలోని బ్రిడ్జిపోర్టున ఆల్ఫ్రెడ్ ఫోన్సు అను దంతవైద్యుడు తన సహాయకురాలగు ఐరీన్ న్యూమనుకు గార తీయుట నేర్పి, 1913లో అట్టివారికై పాఠశాలనే తెరచెను. మన 1948 నాటి దంతవైద్యుల చట్టమును పంటి గార తీయు అట్టి హైజీనిస్టునకు వేరుగా స్థానము కల్పించినది; చిన్న పట్టణములలో వారు కానరాకుండుట వేరు మాట. శిక్షణ లేనివారిచేత గార తీయించుట, మత్తుసూది వేయించుట అప్పగింత కాదు, అపచారము.

అప్పగింపదగినది మాటసాయము. ఉమ్మడి నల్లగొండ భూగర్భజలములలోని ఫ్లోరైడు మిగిల్చిన మచ్చలతో వచ్చువారు, "ఇప్పుడు మంచి నీళ్లే తాగుతున్నం గదా సారూ, ఈ మచ్చలెందుకు పోతలేవు?" అని అడుగుదురు. పన్ను చిగురు దాటి రాకమునుపే, బాల్యమున ఎనామిల్ ఏర్పడునపుడే ఆ మచ్చకు బీజము పడినదనియు, ఎంత తోమినను పోదనియు, పసిపిల్లలకు మాత్రము శుద్ధమైన నీరే త్రాగింపవలెననియు చెప్పుటకు పట్టా యక్కరలేదు. అదే యూరి భాషలో సహాయకురాలు ఓపికగా చెప్పిన మాట, వైద్యుడు తొందరలో విసరిన మాటకంటె బాగుగా చెవికెక్కును.

అట్లే, ఉపకరణములను ఆవిరి వేడితో శుద్ధిచేయు ఆటోక్లేవు పని యొకరికి నేర్పిన పిమ్మట ప్రతిసారియు వెనుకనుండి తొంగిచూచుట తగదు. 121 డిగ్రీల వేడి ఎంతసేపు నిలిచినదో వారే పుస్తకమున వ్రాయవలెను; బాధ్యత తనదే గనుక, వైద్యుడు సాయంకాలమున దానిని చదివి, తప్పు కనబడినచో రోగులందరును వెళ్ళిన పిమ్మటనే చెప్పవలెను.