మూత రంగు, గొట్టం మీది అంకె

ప్రశ్న: మాది కోహీర్. జీఎన్ఎం నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. వార్డులో 100 బలం ఇన్సులిన్‌ను 40 సిరంజితో 10 గీత దాకా తీశాను. సిస్టర్ చూసి ఆపారు. రోగికి ఇవ్వలేదు కదా, ట్యూటర్‌కు చెప్పాలా మేడమ్?

జవాబు: చెప్పాలమ్మా, రేపే చెప్పు. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40 సిరంజికి ఎర్ర మూత, 100కి నారింజ మూత. నువ్వు తీసింది పావు మిల్లీలీటరు. అంటే 10 కాదు, 25 యూనిట్లు! మీ కోహీర్ జామకాయల దగ్గర తూకం రాయి మారితే పోయేది డబ్బే. ఇక్కడ రోగికి షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తికమక, ఆపైన స్పృహ తప్పడం.

మూత తీసి పారేశాక రంగు ఎక్కడిది? సిరంజి గొట్టం మీది అంకె, ఇన్సులిన్ వయల్ మీది అంకె పక్కపక్కన పెట్టి పైకి చదువు. ఇంకొకరికి చూపించాకే మంచం దగ్గరికి వెళ్లు.

ట్యూటర్ తిడతారేమో, తిట్టనీ. రెండు రకాల సిరంజీలూ ఒకే ట్రేలో ఉంటున్నాయేమో వాళ్లు చూసి విడదీస్తారు. నువ్వు దాచిపెడితే వచ్చే బ్యాచ్ అమ్మాయి కూడా అదే ట్రేలో చెయ్యి పెడుతుంది. ఎప్పుడైనా ఎక్కువ మోతాదు వెళ్లిపోతే మాత్రం ట్యూటర్ కోసం వెతుకుతూ కూర్చోకు. వెంటనే డ్యూటీ సిస్టర్‌కు, డాక్టర్‌కు చెప్పు, షుగర్ చూడు.