ఒక రోగి, రెండు చీటీలు



అమిట్రిప్టిలీన్, ఇమిప్రమీన్, నార్ట్రిప్టిలీన్ - ఇవి ట్రైసైక్లిక్ అనే జాతి మందులు. ఇమిప్రమీన్ మానసిక కుంగుబాటును తగ్గిస్తుందని 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ వెల్లడించారు. ఇప్పుడు అమిట్రిప్టిలీన్‌ను తక్కువ మోతాదులో షుగరు రోగుల అరికాళ్ల మంటలకూ, పార్శ్వపు తలనొప్పికీ రాస్తున్నారు. అందువల్ల అది కుంగుబాటు మందని రోగికి తెలియకపోవచ్చు.

ముత్తుకూరులో ఒక డాక్టరుకు, నెల్లూరులో మరొకరికి చూపించుకునేవారికి రెండు చీటీలుంటాయి. విడివిడిగా రెండూ సరైనవే. కలిస్తేనే చిక్కు.

1. ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్: ట్రైసైక్లిక్ మందును కాలేయం విరిచే పని మందగిస్తుంది. మోతాదు మారకున్నా రక్తంలో మందు పెరుగుతుంది; గుండె లయ తప్పవచ్చు.

2. ట్రామడాల్ నొప్పి మాత్ర: ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

3. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్ర: మత్తు, నోరెండటం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం. వృద్ధులు తూలి పడవచ్చు.

4. క్లోనిడిన్ బీపీ మాత్ర: దాని పని తగ్గి బీపీ పెరగవచ్చు.

5. మొండి క్షయకు వాడే లినెజోలిడ్: రెండూ కలిస్తే వణుకు, జ్వరం, గందరగోళంతో ప్రాణం మీదకు రావచ్చు.

ఇది చదివి ఎవరూ మందు మానవద్దు. ఒక్కసారిగా ఆపితే వికారం, తలనొప్పి, నిద్రలేమి వస్తాయి. డాక్టరే క్రమంగా తగ్గించాలి. మానసిక ఆరోగ్య సందేహాలకు టెలీ మానస్ 14416 ఉచితం.

మందుల బిల్లు కట్టే దాతలకు ఒక మనవి. రోగికి ఒక నోటుబుక్కు కూడా ఇప్పించండి. జలుబు మాత్రతో సహా వాడే ప్రతి మందూ అందులో రాసుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపించాలి. పది రూపాయల పుస్తకం వేల రూపాయల వైద్యాన్ని కాపాడుతుంది.