కుండలిని కదిలిందని ఒళ్లు వేడెక్కుతోందా? పైకి కాదు, ముందు నేల మీదికి రండి

శ్రీ మాత్రే నమః.

చక్రాల గురించి, కుండలిని గురించి వీడియో చేసిన ప్రతిసారీ ఒకే రకం ప్రశ్న వస్తుంది. "ధ్యానంలో కూర్చుంటే వెన్నులో వేడి పాకుతోంది. రాత్రి రెండయినా నిద్ర రావట్లేదు. ఒళ్లు ఉన్నట్టుండి జర్క్ ఇస్తోంది. ఊరికే ఏడుపొస్తోంది. ఆఫీసులో కూర్చోలేకపోతున్నా. ఇది మంచిదేనా? ఆపాలా, ఇంకా గట్టిగా చేయాలా?"

అడిగేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపు పిల్లలు. హాస్టల్లోనో, పీజీలోనో ఉంటారు. ఇంట్లో చెబితే కంగారుపడతారని చెప్పరు, స్నేహితులకు చెబితే నవ్వుతారని దాచుకుంటారు. అందుకే ఈ పాఠంలో ఒళ్లు, మనసు తట్టుకోలేకపోతున్నప్పుడు ఏం చేయాలో వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట: ఇబ్బంది ప్రోగ్రెస్ కాదు

"ఎంత బాధ ఉంటే అంత శుద్ధి జరుగుతున్నట్టు" అని చాలామంది నమ్ముతారు. ఇది ప్రమాదం. ఐదారు వందల ఏళ్ల క్రితం స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో ప్రాణాయామం గురించి ఒక హెచ్చరిక ఉంది. సింహాన్ని, ఏనుగును, పులిని ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటారో, ప్రాణాన్నీ అలాగే వశం చేసుకోవాలట. తొందరపడితే అది సాధకుణ్ణే దెబ్బ తీస్తుందట. కుండలిని గురించి అంత గొప్పగా చెప్పిన గ్రంథమే "మెల్లగా" అంటోంది. మరి మనం మూడు వారాల ఛాలెంజ్ పెట్టుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి భస్త్రిక ఎందుకు దంచుతున్నాం?

ఇంకో విషయం. గబగబా, గట్టిగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అందువల్ల వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కడం, తల తిరగడం, చేతులు కొంకర్లు పోవడం జరుగుతాయి. కాబట్టి అనిపించిన ప్రతి జలదరింపూ కుండలిని కాదు. అలాగని అన్నీ భ్రమలూ కావు. ఏదైనా సరే, ఒంటికి ఇబ్బందిగా ఉంటే మొదట చేయాల్సిన పని మాత్రం ఒక్కటే. వేగం తగ్గించాలి.

పెద్దవాళ్లకూ వచ్చింది ఈ మంట

శ్రీరామకృష్ణ పరమహంస సాధన రోజుల్లో భరించలేని ఒళ్లుమంటతో బాధపడ్డారు. వైద్యం చేయించినా తగ్గలేదు. 1861లో దక్షిణేశ్వరానికి భైరవీ బ్రాహ్మణి వచ్చారు. ఆవిడ చెప్పిన చికిత్స ఏంటో తెలుసా? ఒంటికి మంచిగంధం పూయడం, సువాసన గల పూలమాలలు వేయడం! మూడు రోజుల్లో మంట తగ్గిందని శారదానంద స్వామి రాసిన లీలాప్రసంగం చెబుతుంది. ఇంకోసారి ఆయనకు ఎంత తిన్నా తీరని ఆకలి పట్టుకుంది. ఆవిడ గది నిండా రకరకాల తినుబండారాలు పెట్టించి, ఎప్పుడు ఏది కావాలంటే అది తినమన్నారు. అదీ తగ్గిపోయింది.

ఇక్కడ గమనించండి. ఆవిడ తంత్రశాస్త్రం బాగా తెలిసిన మనిషి. కానీ "ఇంకో వెయ్యి జపం చేయి" అనలేదు. చల్లదనం ఇచ్చారు, అన్నం పెట్టారు.

రెండో ఉదాహరణ కశ్మీర్‌కు చెందిన గోపీకృష్ణ. ప్రభుత్వ ఆఫీసులో చిన్న ఉద్యోగం, పెళ్లాం పిల్లలున్న గృహస్థు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున ధ్యానం చేసిన ఆయనకు 1937 డిసెంబరులో, జమ్మూలో, వెన్నెముక గుండా ఒక వెలుగు ప్రవాహం పైకి లేచిన అనుభవం కలిగింది. ఆ తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఒళ్లంతా నిప్పులా అయింది. దారి చెప్పే గురువు దొరకలేదు. చావు అంచుదాకా వెళ్లానని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. శక్తి కుడివైపు పింగళ నాడిలో లేచిందేమోనని తోచి, మనసును ఎడమవైపు ఇడ మీద నిలిపితే చల్లబడిందని ఆయన చెప్పారు. ఆ తర్వాత ఆయన్ను నిలబెట్టింది మాత్రం వేళ తప్పకుండా, కొద్దికొద్దిగా తినడం, విశ్రాంతి, ఇంటివాళ్ల సేవ. పూర్తిగా కుదుటపడటానికి ఏళ్లు పట్టింది.

గ్రౌండింగ్ మన మాటే

"గ్రౌండింగ్" అంటే ఏదో కొత్త మాట అనుకోవద్దు. మూలాధారానిది పృథ్వీ తత్త్వం, అంటే నేల. కుండలిని ఇల్లే నేల మీద ఉంది. పునాది గట్టిపడకుండా పై అంతస్తు కడితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

లలితా సహస్రనామం చదివేవాళ్లకు ఇంకో అందమైన విషయం. అందులో చక్రాలను వర్ణించే భాగంలో, ఒక్కో చక్రంలో ఉన్న అమ్మవారి రూపానికి ఇష్టమైన అన్నం ఏదో చెప్పారు. మూలాధారంలో అమ్మకు పెసరపప్పు కలిపిన అన్నం ఇష్టం. స్వాధిష్ఠానంలో పెరుగన్నం, మణిపూరంలో బెల్లం అన్నం, అనాహతంలో నెయ్యి అన్నం, విశుద్ధిలో పాయసం, ఆజ్ఞలో పసుపన్నం. సహస్రారంలో అన్ని రకాల అన్నాలూ ఇష్టమే. అంటే పులగం, దద్దోజనం, బెల్లం పొంగలి, పులిహోర... దసరాకి మన ఇళ్లలో నైవేద్యం పెట్టేవే కదా! అంతేకాదు, అదే భాగంలో ఒక్కో రూపాన్ని ఒక్కో ధాతువుతో కలిపారు. మూలాధారంలో ఎముక, అనాహతంలో రక్తం, ఇలా. ఇది రోగానికి మందుల చీటీ అని నేననడం లేదు. కానీ చక్రాలంటే గాల్లో తేలే రంగు పూలు కావని, అమ్మవారు మన ఎముకలో, రక్తంలో, కంచంలో అన్నంలో ఉందని ఆ నామాలు చెబుతున్నాయి. ఉపవాసాలతో ఒళ్లు ఎండగట్టుకుని ఆవిణ్ణి వెతకడం ఎందుకు?

ఈ వారం రోజులు ఏం చేయాలి

1. ఆపాల్సినవి ఆపేయండి. భస్త్రిక, కపాలభాతి, ఊపిరి బిగపట్టే కుంభకాలు, బంధాలు, ఆజ్ఞ మీద, మాడు మీద గంటల తరబడి ఏకాగ్రత, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రంతా బీజాక్షరాలు వినడం. ఇవన్నీ ప్రస్తుతానికి వద్దు. గురువు దగ్గర ఉపదేశం తీసుకున్న మంత్రం అయితే, పరిస్థితి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించండి.

2. వేళకు తినండి. ఖాళీ కడుపుతో ఉండకండి. పెసరపప్పు పులగంలో నెయ్యి, పెరుగన్నం, మజ్జిగ, రాగి జావ, అరటిపండు బాగుంటాయి. కాఫీ, టీ, పచ్చి మిరపకారం, ఎనర్జీ డ్రింకులు తగ్గించండి. భగవద్గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది కూడా ఇదే. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదు.

3. ఊపిరిని చల్లబరచండి. మన యోగ సంప్రదాయంలో ఎడమ ముక్కు చంద్రుడు, కుడి ముక్కు సూర్యుడు. రెండూ సమానం కావడమే సాధన. కుడి ముక్కు మూసి ఎడమ నుంచి నాలుగు అంకెలు పీల్చండి. ఎడమ మూసి కుడి నుంచి ఆరు అంకెలు వదలండి. మళ్లీ కుడి నుంచి పీల్చి ఎడమ నుంచి వదలండి. బిగపట్టొద్దు. ఐదు నిమిషాలు చాలు. పీల్చేదాని కంటే వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది, మనసూ సర్దుకుంటుంది. చేస్తుంటే కంగారు పెరిగితే అక్కడే మానేయండి.

4. పాదాలకు పని చెప్పండి. పొద్దున్నే చెప్పుల్లేకుండా మట్టి మీదో, గడ్డి మీదో పది నిమిషాలు నడవండి. దగ్గర్లో గుడి ఉంటే నిదానంగా పదకొండు ప్రదక్షిణలు చేయండి, కళ్లు తెరుచుకునే. అడుగు నేలకు తగిలిన స్పర్శ మీదే ధ్యాస ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇల్లు ఊడవండి, అంట్లు తోమండి, కుండీలో మొక్కలకు మట్టి వేయండి. ఇవి సాధన కంటే తక్కువ పనులేం కావు.

5. రాత్రికి నూనె. పడుకునే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె రాయండి. వేడి మరీ ఎక్కువగా ఉంటే కొబ్బరి నూనె రాసుకోవచ్చు. నుదుటికి కాస్త గంధం. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. నిద్ర పట్టకపోయినా వెల్లకిలా పడుకుని, ఒంటి బరువంతా పరుపుకు వదిలేయండి.

6. ఒక మనిషికి చెప్పండి. అమ్మకో, అన్నయ్యకో, రూమ్మేట్‌కో. "నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు, కాస్త చూసుకో" అంటే చాలు. కుండలిని గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. గోపీకృష్ణ గారికైనా కంచం పెట్టే ఇల్లాలు ఉండబట్టి బయటపడ్డారు. ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని దీన్ని దాటాలనుకోవద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందెప్పుడు?

ఈ భాగం మాత్రం దాటేయకండి.

ఒళ్లు వేడి, గుండె దడ, చేతులు వణకడం, నిద్రలేమి థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. మాంసాహారం తిననివాళ్లలో బి12 తగ్గితే చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. రక్తహీనతలో ఆయాసం, కళ్లు తిరగడం ఉంటాయి. రక్తపరీక్షతో ఇవన్నీ తేలిపోతాయి. పరీక్ష చేయించుకుంటే భక్తి తగ్గిపోదు కదా!

ఇవి ఉంటే మాత్రం వారం కూడా ఆగొద్దు, వెంటనే వెళ్లండి:

- ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, మూర్ఛలాంటి కుదుపులు
- రెండు మూడు రాత్రులు దాదాపు నిద్రే లేకపోయినా అలసట తెలియకపోవడం, మాటలు, ఆలోచనలు ఆగకుండా పరుగెత్తడం
- "నేనే దేవుణ్ణి, నాకే ప్రత్యేక ఆజ్ఞ వచ్చింది" అన్న గట్టి నమ్మకం, ఆజ్ఞలిచ్చే గొంతులు వినిపించడం
- తిండి, స్నానం, ఉద్యోగం అన్నీ వదిలేయడం
- చనిపోవాలనో, ఎవరినైనా గాయపరచాలనో అనిపించడం

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112కి చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. ఇప్పటికే మానసిక ఆరోగ్యానికి మందులు వాడుతున్నవాళ్లు "శక్తి మేలుకుంది కదా" అని సొంతంగా మానేయకండి. అలాంటివాళ్లు తీవ్రమైన ప్రాణాయామం మొదలుపెట్టేముందే డాక్టర్‌ను అడగాలి.

"డాక్టర్ నన్ను పిచ్చివాడంటారేమో" అని భయపడొద్దు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన డీఎస్ఎం నాలుగో కూర్పులోనే ఆధ్యాత్మిక సమస్యను రోగం కాని ఒక వేరే విభాగంగా చేర్చారు. మీరు ఏం సాధన చేశారో, ఎన్ని గంటలు చేశారో దాచకుండా చెప్పండి. ఏది రోగమో, ఏది కాదో తేల్చాల్సింది వాళ్లు, మనం కాదు. వీడియోలు చేసే మేము అసలే కాదు.

ఆపితే అమ్మవారికి కోపం వస్తుందా?

చాలామందిని లోపల తినేసే భయం ఇదే. రాదండి. బిడ్డ జ్వరంతో పడుకుంటే "లేచి నాకు దండం పెట్టు" అనే తల్లి ఉంటుందా? దీపం పెట్టండి, నచ్చిన నామం ఒక్కసారి అనుకోండి, ప్రసాదం తినండి, పడుకోండి. ఆ రోజుకు అదే పూజ.

నిద్ర, ఆకలి మామూలుగా అయ్యాక, రెండు మూడు వారాలు అలాగే నిలిస్తే, పది నిమిషాల సాధనతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పే గురువు ఉంటే మంచిది. సాధన సరిగ్గా సాగుతోందో లేదో తెలుసుకోవడానికి వెన్నులో జలదరింపులు లెక్కపెట్టక్కర్లేదు. రాత్రి నిద్ర పడుతోందా? వేళకు ఆకలేస్తోందా? ఇంట్లోవాళ్ల మీద విసుగు తగ్గిందా? చేసే పని శ్రద్ధగా చేయగలుగుతున్నారా? ఈ నాలుగింటికీ అవునని జవాబొస్తే దారి సరైనదే.

ఇవాళ రాత్రికి మాత్రం ధ్యానం వద్దు. పెరుగన్నం తిని, కాళ్లకు నూనె రాసుకుని పడుకోండి.

శ్రీ మాత్రే నమః.