పేర్లు ఫోటోలోనే ఉండాలి

ఇంజనీరింగ్ చదివేవాడు సెలవులకు ఇంటికి వెళ్తే ఏం పని తగులుతుందో మీకు తెలిసిందే. టీవీ రిమోట్ పనిచేయకపోయినా మనమే, ఫోన్‌లో స్టోరేజ్ నిండినా మనమే. మొన్న సంక్రాంతికి జ్యోతినగర్ వెళ్లినప్పుడు బాపు నా ముందు ఒక బిస్కెట్ల డబ్బా, ఒక పాత హార్డ్ డిస్క్ పెట్టి, "వీటన్నిటిని ఒక తీరుగ పెట్టురా" అన్నాడు. డబ్బాలో ప్రింట్లు, డిస్క్‌లో స్కాన్ చేసినవీ, పాత డిజిటల్ కెమెరాతో తీసినవీ. రెండూ కలిపి రెండు వేల పైనే.

జ్యోతినగర్ అంటే రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్. 1983లో మొదటి యూనిట్ నడిచిన ఆ ప్లాంట్‌లోనే మా బాపు ఉద్యోగం. తాత అంతకుముందు నుంచీ గోదావరిఖని బొగ్గుబాయిలో. తాత తవ్విన బొగ్గు బాపు కాల్చాడని మా ఇంట్లో ఒక పాత జోకు. డబ్బాలో ఉన్న ఫోటోల్లో తాతకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. పదకొండో ఇంక్లైన్ దగ్గర షిఫ్ట్ దిగి పైకి వచ్చాక తీసింది. నెత్తిన టోపీలు, మొహాల నిండా మసి, పళ్లు మాత్రమే తెల్లగా. మొత్తం పద్నాలుగు మంది.

2012లో మా అన్న ఈ ఫోటోని స్కాన్ చేయించి, తాతను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మొహం మీద క్లిక్ చేసి పద్నాలుగు మంది పేర్లూ టైప్ చేశాడు. అప్పట్లో వాడిన ఆ ఉచిత ప్రోగ్రాం పేరు ఎందుకులెండి, తప్పు మాదే. తర్వాత కంప్యూటర్ మెల్లగా నడుస్తోందని ఫార్మాట్ కొట్టాం. అంతకుముందు బుద్ధిగా బ్యాకప్ కూడా తీశాం. ఎలా తీశామంటే, జేపీజీ ఫైళ్లన్నీ వెతికి, ఎంచుకుని, డిస్క్‌లో పడేశాం. ఫోటోలు ఒక్కటి కూడా పోలేదు. పేర్లు మాత్రం అన్నీ పోయాయి. ఎందుకంటే ఆ పేర్లు ఫోటో ఫైల్లో లేవు. ప్రోగ్రాం తన సొంత డేటాబేస్‌లో, కొన్ని దాచిన ఫైళ్లలో రాసి పెట్టుకుంది. మనకు తెరమీద ఫోటో పక్కనే పేరు కనిపిస్తుంది కాబట్టి రెండూ ఒకే చోట ఉన్నాయనుకుంటాం.

ఈసారి ఫోటోని ల్యాప్‌టాప్‌లో పెద్దగా చేసి తాతకు చూపిస్తే తొమ్మిది మందిని గుర్తుపట్టాడు. మిగతా ఐదుగురి దగ్గర ఆగిపోయాడు. "వీడు మనోడే. నల్గొండ దిక్కు నుంచి వచ్చిండు. పేరు నోట్లనే ఉంది, వస్తలేదు" అన్నాడు. బాయి పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు వాళ్లంతా. ఆ ఐదుగురి పేర్లు చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

అందుకే ఫోటోల సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని ఎవరైనా అడిగితే, ఫిల్టర్లు ఎన్ని ఉన్నాయని నేనిప్పుడు చూడను. నేను రాసిన పేరు ఎక్కడ దాస్తుందని చూస్తాను.

దీనికి ముందు "ఫ్రీ" అన్న మాట గురించి రెండు ముక్కలు. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే రెండు అర్థాలుండి గందరగోళం. మన భాషలో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపే సంస్థ పేరే "స్వేచ్ఛ" అని మనలో చాలామందికి తెలుసు. ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, పైగా చాలా చురుకైనవి. కానీ వాటి సోర్స్ కోడ్ మన చేతిలో ఉండదు. గూగుల్ ఫోటోస్ ఇంకో రకం. అది మన కంప్యూటర్లో ఉండే వస్తువు కాదు, ఒక సేవ. ఇచ్చేవాళ్లు షరతులు మార్చుకోవచ్చు. 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత స్టోరేజ్ ఆపేసి 15 జీబీ లెక్కలోకి తెచ్చారు కదా. అదే కంపెనీ పికాసాను 2016 మార్చిలో ఆపేసింది. వ్యాపారం వాళ్లది, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ముప్పై ఏళ్లు ఉండాల్సిన ఇంటి ఫోటోలకు నేను సోర్స్ కోడ్ బయట ఉన్నదే కావాలనుకున్నాను. చేసేవాళ్లు మానేసినా, ఇంకొకరు అందుకోవడానికి కనీసం దారి ఉంటుంది.

ఇక పేరు దాచే చోటు సంగతి. జేపీజీ ఫైల్లో బొమ్మతో పాటు సమాచారం రాసుకోవడానికి కూడా జాగా ఉంటుంది. అందులో మూడు అరలు ఉన్నాయనుకోండి. ఎక్సిఫ్‌లో కెమెరా తనంతట తాను తేదీ, లెన్స్, షట్టర్ వివరాలు రాస్తుంది. ఐపీటీసీ పత్రికలవాళ్ల కోసం పుట్టిన పాత పద్ధతి. ఎక్స్‌ఎంపీ 2001లో అడోబీ తెచ్చింది, తర్వాత ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. మన తెలుగుకు పనికొచ్చేది ఈ మూడోదే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

పాత ఐపీటీసీలో ఒక్కో కీవర్డ్‌కు హద్దు 64 బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. గుణింతాల గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడి సంకేతాలే. "సింగరేణి" మనకు నాలుగక్షరాలు, కంప్యూటర్‌కు ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. "గోదావరిఖని పదకొండో ఇంక్లైన్" అని రాస్తే ఖాళీలతో కలిపి 77 బైట్లు! ఆ హద్దు పాటించే సాఫ్ట్‌వేర్ "ఇంక్లైన్" మధ్యలో కోసేస్తుంది. ఎక్స్‌ఎంపీలో ఈ గోల లేదు. అందుకని ట్యాగులు చిన్నవిగా విడగొట్టి రాయడం మంచిది. పొడుగు మాటలు క్యాప్షన్‌లో పెట్టండి.

నేను చివరికి ఎంచుకున్నది డిజిక్యామ్. కేడీఈ వాళ్ల గూటిలో 2001 నుంచీ పెరుగుతున్న ప్రాజెక్టు. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇదీ డేటాబేస్ వాడుతుంది, కానీ ట్యాగులు, క్యాప్షన్లు, మొహాల పేర్లు ఫైల్లోకి కూడా రాయగలదు. మొదటిసారి తెరిచినప్పుడే సమాచారం ఫైళ్లకు జోడించాలా, వద్దా అని అడుగుతుంది. మనం అలవాటుగా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతాం. అక్కడ మాత్రం ఆగి, జోడించమనే చెప్పండి. అప్పుడు మర్చిపోతే తర్వాత సెట్టింగ్స్‌లో మెటాడేటా పేజీలో మార్చుకోవచ్చు.

నా మాట మీద కూడా నమ్మకం పెట్టుకోకండి. ఐదు నిమిషాల పరీక్ష ఒకటుంది. ఒక ఫోటోకి తెలుగులో ఒక ట్యాగ్, ఒక క్యాప్షన్ రాయండి. ఆ ఒక్క ఫైల్‌ని పెన్ డ్రైవ్‌లో వేసి, దోస్తు ల్యాప్‌టాప్‌లో వేరే ప్రోగ్రాంతో తెరవండి. ఎక్సిఫ్‌టూల్ ఉంటే ఇంకా మేలు, లోపల ఏముందో మొత్తం బయటపెడుతుంది. మీరు రాసిన తెలుగు కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ పాస్. ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఫెయిల్. ఏమీ కనిపించకపోతే, మా అన్న 2012లో చేసిన పనే మీరూ చేస్తున్నట్టు. ఈ పరీక్ష వాట్సాప్‌లో పంపి చేయకండి. మామూలుగా ఫోటోగా పంపితే అది బొమ్మను చిన్నది చేసి, లోపలి సమాచారం తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

డిజిక్యామ్‌తో తిప్పలు లేవని కాదు. మెనూలు చూస్తే మొదటిరోజు కళ్లు తిరుగుతాయి. మొహాలు గుర్తుపట్టే పనికి మొదట కొన్ని మోడల్ ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకోమంటుంది. ఆ తర్వాత పనంతా మన కంప్యూటర్లోనే జరుగుతుంది, ఇంట్లోవాళ్ల మొహాలు ఏ సర్వర్‌కూ వెళ్లవు. పెళ్లి ఫోటోల్లో బాగానే పట్టింది. బాయి ఫోటోల్లో మాత్రం టోపీ, మసి కలిసి దాన్ని ఓడించాయి, అందరూ దానికి ఒకేలా కనిపించారు. అక్కడ తాతే దిక్కు.

ఒకేలాంటి ఫోటోలను వెతికి పక్కపక్కన చూపించే సదుపాయం నాకు బాగా పనికొచ్చింది. పేరు మారినా, సైజు మారినా పట్టుకుంటుంది. మా డిస్క్‌లో అత్తమ్మ పెళ్లి నాలుగుసార్లు జరిగింది, ఒకేసారికి తెచ్చాను.

స్కాన్ చేసిన ఫోటోల్లో తేదీ ఇంకో చిక్కు. 1985లో తీసిన ఫోటో కూడా స్కాన్ చేసిన రోజు తేదీతో వస్తుంది. మనవడి పుట్టినరోజు పక్కన తాత పెళ్లి కూర్చుంటుంది. ఎంచుకున్న ఫోటోలన్నిటికీ ఒకేసారి తేదీ మార్చే సాధనం డిజిక్యామ్‌లో ఉంది. సంవత్సరం మాత్రమే తెలిస్తే జనవరి 1 వేసి, క్యాప్షన్‌లో "సుమారు" అని రాస్తున్నాను. ఇంకో మాట, ట్యాగుల స్పెల్లింగ్ మొదటిరోజే ఖాయం చేసుకోండి. నేను ఒకచోట ఇంక్లైన్, ఒకచోట ఇంక్లయిన్ అని, పెండ్లి అని ఒకసారి, పెళ్లి అని ఒకసారి రాసి, వెతికితే సగమే దొరికి, అరపూట తల పట్టుకున్నాను.

ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ప్రింట్ల మీది గీతలు, మరకలు తీయడానికి గింప్ చాలు. అందులో హీల్ అనే సాధనం పక్కనున్న చర్మాన్ని, గోడను చూసి గీత పూడుస్తుంది. ఈ గింప్‌ను 1995లో మొదలుపెట్టింది బర్క్‌లీలో చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్. మన మినీ ప్రాజెక్టులు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో రా ఫార్మాట్ తీసే ఫోటోగ్రఫీ క్లబ్ వాళ్లు డార్క్‌టేబుల్, రాథెరపీ చూడండి. అసలు ఫైల్ ముట్టుకోకుండా, చేసిన మార్పుల చిట్టా మాత్రం పక్కన చిన్న ఫైల్లో రాస్తాయి. కాపీ చేసేటప్పుడు ఆ చిన్న ఫైల్‌ని వదిలేస్తే మళ్లీ మా ఇంటి కథే. నా ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ మీద డార్క్‌టేబుల్ కాస్త మూలిగింది. లినక్స్‌లో తేలికైనది కావాలంటే షాట్‌వెల్ ఉంది, ట్యాగులు ఫైల్లో రాయమని దానికి ప్రిఫరెన్సెస్‌లో చెప్పుకోవాలి.

గీతలు తీయొచ్చు కానీ మసి తుడవకండి. నేను ఉత్సాహంగా గ్రూప్ ఫోటోలో మొహాలు తేటగా చేసి చూపిస్తే తాత ఒప్పుకోలేదు. "గట్లుంటె మేము బాయిల దిగనట్టే ఉన్నది" అన్నాడు. పాతదే ఉంచాను. మార్చింది వేరే పేరుతో సేవ్ చేశాను కాబట్టి సరిపోయింది.

రెండు డిస్క్‌ల్లో కాపీలు పెట్టి, ఒకటి మంచిర్యాలలో మేనత్త ఇంటికి పంపాం. ఈసారి జేపీజీలు ఏరుకోలేదు, ఫోల్డర్లకు ఫోల్డర్లే కాపీ చేశాం. గ్రూప్ ఫోటోలో తొమ్మిది పేర్లు ఫైల్లోనే ఉన్నాయి, ఎక్సిఫ్‌టూల్‌తో చూశాను కూడా. మిగతా ఐదు మొహాలకు "పేరు తెలియదు" అని ట్యాగ్ పెట్టి, నల్గొండ ఆయనకు మాత్రం తాత చెప్పిన ముక్క క్యాప్షన్‌లో రాశాను. తాతతో పనిచేసిన ఒకాయన ఇప్పటికీ గోదావరిఖనిలోనే ఉంటున్నారట. ఫోటో పెద్ద సైజులో ప్రింట్ తీయించాను. ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు తాతను బండి మీద ఎక్కించుకుని వాళ్లింటికి తీసుకెళ్లాలి.