గోరుపై గోరు: అతికించుటకు ముందు చేయవలసిన పని

బొగ్గు గనుల పట్టణములలో చేతులకు గల విలువను వేరుగా చెప్పనక్కరలేదు. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో ప్రతి యింటికిని బొగ్గుతో ఏదో యొక సంబంధము ఉన్నది. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు సబ్బుతో ఎంత తోముకొన్నను గోళ్ల సందున ఒక నల్లని గీత మిగిలియే యుండును. అట్టి యింటి ఆడబిడ్డలే నేడు ఇతరుల గోళ్లను తీర్చిదిద్దు వృత్తిని నేర్చుకొనుచున్నారు. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబములలోని స్త్రీలకు కుట్టుపని, బ్యూటీషియన్ పని వంటి వృత్తులలో శిక్షణ నిచ్చుచున్నది. శిక్షణ పొందిన పిమ్మట కొందరు ఇంటిలోనే చిన్న పార్లరు పెట్టుకొని కుటుంబమునకు చేదోడుగా నిలుచుచున్నారు.

ఈ వృత్తిలో క్రొత్తగా వచ్చి చేరినది కృత్రిమ గోళ్ల పని. జెల్ అనియు, ఆక్రిలిక్ అనియు, ఎక్స్‌టెన్షన్ అనియు దీనికి పలు పేర్లు. ఈ వ్యాసమున మేము రంగులను గురించి గాని, గోళ్లపై వ్రాయు చిత్రములను గురించి గాని చెప్పబోము. వాటికి ముందు సహజమైన గోటిని సిద్ధము చేయు విధానమును మాత్రమే వివరింతుము. ఏలనన ఈ పనిలో వచ్చు నష్టములలో పెక్కు ఆ మొదటి ఘట్టముననే పుట్టుచున్నవి.

ఒక పెండ్లికూతురి గోళ్లు

మేము గనుల ప్రాంతమునకు పోయినప్పుడు ఒక శిక్షణార్థిని తన అనుభవమును మాకు చెప్పినది. పెండ్లికి ముందునాడు ఆమె ఒక వధువునకు పది వ్రేళ్లకును జెల్ గోళ్లు అమర్చినది. మూడవనాటికి రెండు గోళ్లు అంచున లేచినవి. పది దినములకు ఒకదాని క్రింద పచ్చని మచ్చ కనబడినది. పుచ్చుకొన్న సొమ్మును తిరిగి ఇచ్చివేసినను పోయిన పేరు తిరిగి రాలేదు. “సరకు మంచిదే గదండీ, ఎందుకిట్లు జరిగినది?” అని ఆమె మమ్ము అడిగినది.

విచారింపగా తేలినది ఇది. ఆ ఉదయమే వధువునకు నలుగు పెట్టిరి. నూనె, పసుపు గోళ్లకు పట్టియున్నవి. వానిని పోగొట్టుటకై ఆమె వధువు చేతులను వేడినీటిలో చాలసేపు నానబెట్టి, తువ్వాలుతో తుడిచి, వెంటనే పని ప్రారంభించినది. నూనె కొంత మిగిలినది. నీరు క్రొత్తగా చేరినది. అతుకునకు ఈ రెండును శత్రువులే. ఆమె శ్రద్ధకు లోపము లేదు. గోటి స్వభావము తెలియకపోవుటయే లోపము.

గోరు స్వభావము

గోరు కెరాటిన్ అను పదార్థముతో ఏర్పడినది. వెండ్రుకలును, పశువుల గిట్టలును అట్టివే. పైకి కనబడు గోటికి ప్రాణము లేదు, నొప్పి తెలియదు. దాని మందము ఇంచుమించు అర మిల్లీమీటరు. గోరు పుట్టుచోటు చర్మము క్రింద దాగియుండును. బొటనవ్రేలి గోటి మొదట తెల్లని అర్ధచంద్రమువలె కనబడునది దాని అంచే. గోటికిని చర్మమునకును కూడలిలో నుండు మడత సజీవమైనది. అది లోనికి క్రిములు పోకుండ కాయు కావలి.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. ఈ సంగతి మన యిండ్లలోని స్త్రీలకు కొలబద్ద లేకయే తెలియును. ఆషాఢమున పెట్టుకొన్న గోరింటాకును చూడుడు. చర్మముపై రంగు కొలది వారములలో వెలసిపోవును. గోటిపై మాత్రము నిలుచును. మొదట రంగులేని క్రొత్త గోరు నెలవంకవలె పొడసూపి, ఎరుపును ముందునకు నెట్టుచుండును. దీపావళి నాటికి ఆ ఎరుపు కొనకు చేరును. మొదలంట పాడైన గోరు పూర్తిగా మారవలెనన్న దాదాపు ఆరు మాసములు పట్టును. ఒక్క నిమిషపు తొందరపాటునకు ఆరు మాసముల శిక్ష యన్నమాట.

గోరు గట్టిదే గాని నీటిని త్వరగా పీల్చుకొనును. నీరు పీల్చిన గోరు ఉబ్బును, మెత్తబడును; ఆరినపుడు ముడుచుకొనును. ఉబ్బిన గోటిపై పూత వేసినచో, గోరు ముడుచుకొనునపుడు పూత దానితో పాటు ముడుచుకొనలేక అంచున విడివడును. ఆ సందులో తేమ చేరి సూడోమొనాస్ అను సూక్ష్మజీవి పెరుగును. వధువు గోటిపై కనబడిన పచ్చని మచ్చకు ఇదియే సాధారణ కారణము.

ముందు కన్ను, తరువాత చేయి

పని ప్రారంభించుటకు ముందు పది గోళ్లను మంచి వెలుతురులో పరీక్షింపవలెను. గోరు పసుపుపచ్చగా దళసరియై పొడిపొడిగా రాలుచున్నను, మంచము నుండి లేచినట్లు తెల్లబడినను, చుట్టును వాచి చీము పట్టినను పని చేయరాదు. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత మనకు తెలిసినదే. అట్టి గోటిని పూతతో కప్పుట ఆ రోకటిపోటు వంటిదే. గోరు చెంచావలె లోనికి గుంట పడియున్నచో అది రక్తహీనతకు గుర్తు కావచ్చును. ఒకే గోటిలో క్రొత్తగా నల్లని నిలువుచార ఏర్పడినను తేలికగా తీసికొనరాదు. ఇట్టివారిని మృదువుగా ఒప్పించి వైద్యుని కడకు పంపవలెను. ఆనాటి ఆదాయము పోయినను, ఆ యింటి నమ్మకము చిరకాలము నిలుచును.

గోళ్ల క్రింది బొగ్గుపొడిని గాని మట్టిని గాని పిన్నీసుతోను, సూదితోను గీకు అలవాటు మన ప్రాంతమున ఎక్కువ. దాని వలన గోరు అడుగు చర్మము నుండి విడిపోవును. మెత్తని బ్రష్షు, సబ్బు చాలును.

సిద్ధము చేయు క్రమము

మొదటిది: పనిచేయువారును, చేయించుకొనువారును సబ్బుతో చేతులు కడుగుకొని పూర్తిగా ఆరబెట్టుకొనవలెను. నానబెట్టరాదు. నలుగు, తలంటు, వంటపని, గిన్నెలు తోముట అయిన వెంటనే కూర్చుండబెట్టరాదు.

రెండవది: పాత రంగును ఎసిటోను ద్రవముతో, నూగు రాలని దూదిముక్కతో తుడువవలెను. ఎసిటోను ఆవిరి క్షణములో అంటుకొనును. దుకాణము తెరువగానే అగరువత్తి వెలిగించు ఆచారము మనకున్నది. ఆ వత్తి, దీపము, పొయ్యి దరిదాపులలో ఈ సీసా మూత తీయరాదు. కిటికీ తెరచియుంచవలెను.

మూడవది: గోటి మొదట అతుకుకొనియుండు పలుచని నిర్జీవపు పొరను పుషర్ అను పనిముట్టుతో మెల్లగా వెనుకకు నెట్టి, గోటిపై మిగిలిన దానిని తేలికగా గీకి తీసివేయవలెను. ఈ పొర మిగిలినచో పూత గోటికి గాక పొరకు అతుకును. పొర లేచినపుడు పూతయు లేచును. అయితే సజీవమైన చర్మపు మడతను ఎన్నడును కత్తిరింపరాదు. కావలివానిని తొలగించిన కోటకు రక్షణ ఎక్కడిది?

నాల్గవది: గోటి కొనను తగిన పొడవునకు కత్తిరించి ఆకురాయితో తీర్చవలెను. ఆకురాయిపై గ్రిట్ అను అంకె యుండును. అంకె పెరిగిన కొలది రాపిడి నునుపగును. సహజమైన గోటికి 180 మొదలు 240 వరకు గలది తగును. 80, 100 అంకెలవి కృత్రిమ పదార్థమును అరగదీయుటకే గాని గోటికి గావు.

ఐదవది: గోటి పైభాగమున నిగనిగ మాత్రము పోవునట్లు తేలికగా రుద్దవలెను. ఇచ్చటనే పెక్కుమంది పొరబడుచున్నారు. గోరు ఎంత గరుకైన పూత అంత గట్టిగా పట్టునని వారి భావము. అది సరికాదు. ఎక్కువ అరిగిన గోరు పలుచబడి వంగును. వంగిన గోటిపై పూత నిలువదు. వ్రేలికి వేడి తగిలినను, మంట పుట్టినను, ఎర్రదనము కనబడినను వెంటనే ఆపవలెను. విద్యుత్తుతో తిరుగు డ్రిల్లును క్రొత్తవారు సహజమైన గోటిపై వాడకుండుటయే మేలు.

ఆరవది: పొడిని శుభ్రమైన పొడి బ్రష్షుతో, అంచులలో సయితము, దులుపవలెను. పిమ్మట డీహైడ్రేటర్ అను ద్రవమును పూయవలెను. ఇది గోటి పైనున్న నూనెను, తేమను కొంతసేపు తొలగించును. శాశ్వతముగా కాదు, శరీరపు నూనె, తేమ మరల చేరుచునే యుండును. కావున ఆలస్యము చేయరాదు. ఒకసారి సిద్ధమైన గోటిని వ్రేలితో తాకినను, వధువు ఆ చేతితో తల సవరించుకొన్నను, ఈ మెట్టు మరల చేయవలసినదే.

ఏడవది: వాడు సరకునకు అవసరమైనచో మాత్రమే ప్రైమర్ వేయవలెను. కుంచెను సీసా అంచున ఒత్తి, గోటి నడుమ చిన్న చుక్క నుంచిన చాలును, అదియే ప్రాకును. కొన్ని ప్రైమర్లలో మెథాక్రిలిక్ ఆమ్లము ఉన్నది. చర్మమునకు తగిలినచో కాల్చును. పిల్లలు ప్రమాదములకు గురియగుటచే, ఈ ఆమ్లము 5 శాతమునకు మించియున్న గృహోపయోగ ద్రవముల సీసాలకు పిల్లలు తీయలేని మూత లుండవలెనని అమెరికా ప్రభుత్వము 1999లో నియమము చేసినది. ఇంటిలోనే పార్లరు నడుపు తల్లులు దీనిని గట్టిగా గుర్తుంచుకొనవలెను.

సరకు, పనిముట్లు

కృత్రిమ గోళ్ల ఆక్రిలిక్ దంతవైద్యమున వాడు పదార్థమునకు దగ్గరి చుట్టము. పేరులేని చౌక ద్రవములలో మిథైల్ మెథాక్రిలేట్ అను పదార్థము కలిసి యుండవచ్చును. దాని వలన గోళ్లకు, చర్మమునకు హాని కలుగుచున్నదని ఫిర్యాదులు రాగా, అమెరికాలో 1970 దశకముననే అట్టి సరకుపై చర్య తీసికొనిరి. దానితో చేసిన గోరు మిక్కిలి గట్టిది. ఎచ్చటనైన తగిలినపుడు తాను విరుగక, క్రింది అసలు గోటిని పెరికివేయును. గట్టకట్టని జెల్ చర్మమునకు పదేపదే తగిలినచో దురద, పొక్కులు పుట్టును. ఒకసారి ఆ పదార్థము సరిపడకుండ పోయినచో అది సాధారణముగా జీవితాంతము ఉండును. కస్టమరునకే గాక, దినదినము పనిచేయు మీకును ఈ అపాయము కలదు. కావున సీసాపై పేరు, కూర్పు చదివి కొనుడు. పూత చర్మమునకు తగులకుండ గోటిపైననే ఉంచుడు.

లోహపు పనిముట్లను ప్రతివారి తరువాత సబ్బుతో తోమి, క్రిమిసంహారక ద్రవములో ఆ సీసాపై చెప్పినంతసేపు ఉంచవలెను. కాగితపు ఆకురాయిని ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. కంటికి కనబడని నెత్తుటి చుక్కతో హెపటైటిస్-బి వంటి వ్యాధులు సంక్రమింపగలవు.

ఎవరికి వలదని చెప్పవలెను?

ఆసుపత్రులలో రోగులను తాకి పనిచేయు నర్సులు, ఆయాలు కృత్రిమ గోళ్లు ధరింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి తన సూచనలలో చెప్పినది. వాని క్రింద క్రిములు చేరి, చేతులు కడిగినను పోకుండుటయే కారణము. 2019లో కేంద్ర ప్రభుత్వము భూగర్భ గనులలో సాంకేతిక, పర్యవేక్షణ పనులను స్త్రీలు పగటివేళ చేయుటకు అనుమతించినది. యంత్రముల నడుమ, చేతి తొడుగులతో పనిచేయు సోదరీమణులకు పొట్టి గోరే క్షేమము. పసిబిడ్డల తల్లులకును, పిండి పిసుకుచు పదిమందికి వండిపెట్టువారికిని ఇట్లే చెప్పవలెను. కోరినవారి కెల్ల అతికించుటయే వృత్తిధర్మము కాదు.

తీయు విధానమును ముందే చెప్పి పంపుట మరువరాదు. లేచిన గోటిని పెరికినచో అసలు గోటి పొరలు దానితో ఊడివచ్చును. “లేచినపుడు లాగకండమ్మా, నా కడకు రండి, ద్రవముతో మెత్తబరచి తీసెదను” అను ఒక్క మాట కస్టమరు గోటిని కాపాడును. ఆమెను మరల మీ గడపకు తెచ్చును.

గనిలో దిగువారు పని ప్రారంభించుటకు ముందు పైకప్పును తట్టి చూచి, ఆ శబ్దమును బట్టి గట్టిదో కాదో తెలిసికొందురు. బొగ్గు తీయుట ఆ తరువాతి మాట. వారి యింటి ఆడబిడ్డలకు ఈ పాఠమును మేము క్రొత్తగా నేర్పనక్కరలేదు. ఆ శిక్షణార్థిని ఇప్పుడు పెండ్లివారిని మొదట అడుగు ప్రశ్న “ఏ రంగు వేయమందురు?” అని కాదు, “నలుగు ఎప్పుడు పెట్టుచున్నారు?” అని.